జాకెట్టు మీదికి రాని కోయిల



ఫాల్గుణం వెళ్ళి చైత్రం వచ్చే ఈ రోజుల్లో సికింద్రాబాదు మోండా మార్కెట్లో కాలు పెట్టాలంటే కాస్త ఓపిక ఉండాలి. గోనెపట్టాల మీద పచ్చి మామిడికాయలు గుట్టలు పోసి ఉంటాయి. కొత్త చింతపండు, బెల్లం దిమ్మలు, చెరకు ముక్కలు, మామిడాకుల కట్టలు, తడిగుడ్డ కప్పిన బుట్టలో వేపపువ్వు. వాకిట్లో ఊరికే రాలే పువ్వును డబ్బు పోసి కొనడమేమిటని పల్లెటూరి నుంచి వచ్చిన చుట్టాలు నవ్వుతారు. "పది రూపాయలకు గింతేనా అవ్వా?" అని అడిగి చూడండి. "చెట్టెక్కి దించినోడు నా మనుమడు. నువ్వెక్కుతవా బిడ్డా?" అన్న జవాబు వస్తుంది. ఇంక బేరమాడే నోరుండదు.

అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే జనరల్ బజార్. ఇక్కడి ఆడవాళ్ళకు రెండూ ఒకటే ప్రయాణం. ఒక చేతిలో కూరల సంచి, ఇంకో చేతిలో కొత్త చీర కవరు. మ్యాచింగ్ సెంటర్లో జాకెట్టు గుడ్డ చింపించుకుని, లేసులూ గుండీలూ కొనుక్కుని, చివరికి మగ్గం వర్కు చేసే దుకాణం మెట్లెక్కుతారు. అక్కడ కుర్రవాడు ఫోను తెరిచి డిజైన్లు ఒక్కొక్కటే జరుపుతాడు. నెమలి. రెండు నెమళ్ళు. ఎదురెదురుగా రెండు నెమళ్ళు. ఏనుగు. అంబారీ కట్టిన ఏనుగు. ముక్కున మామిడి పిందె పట్టుకున్న చిలుక. హంస. తామర పువ్వు. మళ్ళీ నెమలి.

నా ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. నాలుగడుగుల అవతల, బజారులో, వసంతకాలం ప్రాణమున్న జీవాలతో కిటకిటలాడుతూ ఉంటుంది. అందులో ఒక్కటీ జాకెట్టు మీదికి రాదు. తప్పెవరిదో తర్వాత చూద్దాం. ముందు అక్కడ ఎవరెవరున్నారో చెప్పుకుందాం.

మొదట ఆంబోతు. మోండాలో కూరలు కొనే వాళ్ళందరికీ తెలిసిన మొహమే. ఎవరి సొత్తూ కాదు, ఎవరికీ భయపడదు. రాలిన గోబీ ఆకులూ ముల్లంగి ఆకులూ నమిలినంతసేపూ పెద్దమనిషిలాగే ఉంటుంది. కొత్తిమీర కట్టలు పేర్చుకుని కూర్చున్న ఆమె చిల్లర లెక్క చూసుకునే క్షణం కోసమే అది కాచుకుని ఉంటుంది. మెడ సాచి రెండు కట్టలు లాగేస్తుంది. ఆమె కర్ర అందుకునేలోగా ఆకు లోపలికి పోయి, కాడలు మాత్రం మూతికి రెండు పక్కలా వేలాడుతూ ఉంటాయి. తడి ముక్కు, దాని మీద నీటి చుక్కలు, పెదవి అంచున పచ్చటి నురగ, మూపురం మీద ఎవరో పెట్టిన పసుపూ కుంకుమా. ఆ ఒక్క బొమ్మను ముదురు బూడిదరంగు దారంతో, కాడకుట్టుతో ఒక చేతిసంచి మీద వేస్తే ఎంత బాగుంటుంది! ఎవరు వేస్తున్నారు చెప్పండి?

ఇలా అంటే కొందరు నవ్వుతారు. ఆంబోతు కొత్తిమీర తినడం కూడా డిజైనేనా అంటారు. వాళ్ళకు నేను ఇంగ్లండు సంగతి చెబుతాను. కెల్మ్‌స్కాట్ అనే పల్లెలో గుడ్డలకు నమూనాలు గీసే విలియం మోరిస్‌కు ఒక పాత ఇల్లుండేది. ఆ ఇంటి తోటలో కాసిన స్ట్రాబెరీ పళ్ళను థ్రష్ పిట్టలు వల కింద దూరి మరీ ఎత్తుకుపోయేవి. తోటమాలికి అది నష్టం, మోరిస్‌కు అది నమూనా. 1883లో 'స్ట్రాబెరీ థీఫ్' అని పేరుపెట్టి గుడ్డ మీద అద్దించాడు. నీలిమందు నేల మీద పళ్ళను నోట కరిచిన పిట్టలు. నూట నలభై ఏళ్ళు దాటినా పరదాలకూ దిండు గలేబులకూ ఆ గుడ్డ ఇంకా అమ్ముడుపోతూనే ఉంది. వాళ్ళ పళ్ళ దొంగకు అంత గౌరవం దక్కినప్పుడు మన కొత్తిమీర దొంగ ఏం పాపం చేసింది?

ఇంకొంచెం పైకి చూడండి. మోండా పక్కనే బంగారం, వెండి పనివాళ్ళ పాట్ మార్కెట్ ఉంది. ఎండ ఎక్కేవేళకు ఎక్కడినుంచో టంక్, టంక్, టంక్ అని సుత్తి దెబ్బలు లెక్కపెట్టినట్టు వినపడుతుంది. అన్నీ కంసాలి దుకాణాల చప్పుళ్ళే అనుకోకండి. పాత సికింద్రాబాదులో రావిచెట్టో మర్రిచెట్టో ఉన్నచోటల్లా ఈ కాలంలో కంసాలి పిట్ట కూర్చుని అదే చప్పుడు చేస్తుంది. పిచ్చుక కంటే కొంచెం పెద్దది. ఒళ్ళంతా ఆకుపచ్చ, నుదుట ఎర్రటి బొట్టు, గొంతు పసుపు, దాని కింద ఎర్రటి పట్టీ, ముక్కు మొదట్లో మీసాల్లాంటి నల్లటి వెంట్రుకలు. రావిపళ్ళు తింటుంది, ఎండు కొమ్మకు తొర్ర చేసుకుని గుడ్లు పెడుతుంది. ఆకుపచ్చ పట్టు మీద ఎరుపూ పసుపూ కావాలని పెళ్ళిళ్ళలో మనం వెతుక్కునే రంగుల పొందిక ఆ పిట్ట ఒంటి మీద సిద్ధంగా ఉంది. దాన్ని మగ్గం మీదికి ఎక్కించిన జాకెట్టు నేనింతవరకూ చూడలేదు.

తేనెపిట్ట సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని కుట్టడంలో ఒక కిటుకుంది. మగపిట్ట ఈ నెలల్లో పూర్తిగా కొత్త బట్టలు కట్టుకుంటుంది. నీడలో చూస్తే నలుపు. ఎండ తగిలితే నీలం. తల తిప్పితే ఊదా. ఆడపిట్టకు ఈ ఆర్భాటం లేదు, వీపు బూడిద కలిసిన పచ్చ, పొట్ట లేత పసుపు. గూడు కట్టేది మాత్రం ఆమే. సాలెగూటి దారంతో చెత్తా చెదారం కలిపి సంచి అల్లి, ఇళ్ళ ముందరి తీగకో వైరుకో వేలాడదీస్తుంది. పక్కన ద్వారం, దాని మీద చిన్న చూరు. ఇప్పుడు మగపిట్టను కుట్టాలంటే నల్లదారం తీసుకుంటే చచ్చిన రంగు వస్తుంది, నీలం తీసుకుంటే బొమ్మల పుస్తకం రంగు వస్తుంది. మనం కొనే ఎంబ్రాయిడరీ దారం ఉండలో ఆరు పోగులుంటాయి కదా. ముదురు నీలం ఉండ నుంచి ఒక పోగు, ఊదా ఉండ నుంచి ఒక పోగు విడదీసి, రెండూ కలిపి ఒకే సూదిలో ఎక్కించండి. నిండుకుట్టు వేసేటప్పుడు రెక్క మీద ఒక వాలుగా, మెడ మీద ఇంకో వాలుగా వేయండి. పట్టుపోగు అయితే మరీ మంచిది. గుడ్డ కదిలినప్పుడల్లా రంగు మారుతుంది. అడ్డం ఒక రంగు, నిలువు ఒక రంగు వేసి నెమలికంఠం చీర నేసేవాళ్ళు చేసే పని కూడా ఇదే.

కోయిల సంగతి మరీ అన్యాయం. చైత్రం వస్తే రేడియోలో మేమూ, పత్రికల్లో వాళ్ళూ, కవిసమ్మేళనాల్లో ఇంకెందరో కోయిల పేరెత్తకుండా మాట ముగించం. గుడ్డ మీదికి వచ్చేసరికి దానికి చోటు లేదు. నల్లగా ఉంటుంది, నల్లపిట్ట శుభకార్యానికి బాగోదు అంటారు. సరే, మగకోయిలను వదిలేయండి. ఆడకోయిలను ఎప్పుడైనా తేరిపార చూశారా? గోధుమరంగు ఒంటి మీద తెల్లటి చుక్కలు, తోకకు అడ్డచారలు, ఎర్రటి కన్ను. ముడికుట్టు నేర్చుకునే పిల్లకు ఇంతకంటే మంచి పాఠం లేదు. కూ అని పాడేది మగది. ఆడది కిక్ కిక్ అని గట్టిగా అరుస్తూ చెట్టు మారుతుంది. వేసవి ముదిరేనాటికి అది కాకి గూడు ఖాళీగా దొరికే క్షణం కోసం పొంచి ఉండి, లోపల గుడ్డు పెట్టి జారుకుంటుంది. ఇంత కథ, ఇంత నాటకం, ఇన్ని చుక్కలు ఉన్న పక్షిని వదిలేసి ఎప్పుడూ పురివిప్పిన ఆ ఒక్క నెమలేనా?

నెమలి మీద నాకు పగేమీ లేదు. 1963 నుంచి అది మన జాతీయ పక్షి, జూబ్లీహిల్స్ పక్కన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కులో పొద్దున నడిచేవాళ్ళకు దాని కేక రోజూ వినపడుతుంది. తెలంగాణకు తన సొంత పక్షి పాలపిట్ట ఉందన్న సంగతి మరవకూడదని మాత్రమే నా మాట. దసరానాడు దాన్ని చూడాలని ఊళ్ళు దాటి వెళ్తాం. అది తన అసలు విద్య చూపేది ఈ వేసవి మొదట్లో. మగపిట్ట నిటారుగా పైకెగిరి, ఒక్కసారి తలకిందులై, పక్కకు పొర్లుతూ అరుస్తూ కిందికి దిగుతుంది. వైరు మీద కూర్చున్నప్పుడు మట్టిరంగు. రెక్క విప్పితే లేత నీలం, ముదురు నీలం పట్టీలు. విప్పిన పాలపిట్ట రెక్క ఒక్కటి చాలు, మోచేతి జాకెట్టుకు అంచు మొత్తం నిండిపోతుంది.

చిలుక విషయంలో ఒక చిన్న హెచ్చరిక. వసంతంలోనే చిలుకలు తొర్రల్లో పిల్లలు చేస్తాయి, ఈ కాలంలోనే పిల్లల్ని దొంగతనంగా దించి సంతల్లో అమ్ముతారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం చిలుకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం. జాకెట్టు మీద ఎన్ని చిలుకల్నైనా పెంచుకోండి, అభ్యంతరం లేదు.

ఇప్పుడు అసలు కుట్టుపనివాడి దగ్గరికి వద్దాం. దర్జీపిట్టను మీలో చాలామంది చూసే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు. మందార మొక్కలో, నిమ్మచెట్టులో, కుండీల మధ్య తోక నిక్కబెట్టుకుని గెంతే ఆకుపచ్చ పిట్ట. నెత్తి మీద ఇటుకరంగు టోపీ. బొటనవేలంత ఒళ్ళు, వీధంతా వినపడే గొంతు. మార్చి నుంచి దీని కాపురాలు మొదలవుతాయి, వానాకాలంలో జోరందుకుంటాయి. ఆడపిట్ట ఒక వెడల్పాటి ఆకును ఎంచుకుంటుంది, లేదా పక్కపక్కన ఉన్న రెండాకుల్ని దగ్గరికి లాగుతుంది. ముక్కుతో అంచు వెంట సన్నటి బెజ్జాలు చేస్తుంది. ఆకు ఎండిపోనంత, ఎర్రబడనంత సన్నటి బెజ్జాలు. తర్వాత దూది పోగో, నారో, సాలెగూటి దారమో తెచ్చి ఆ బెజ్జంలోంచి లాగుతుంది. లాగిన కొస విచ్చుకుని బెజ్జానికి అడ్డుపడుతుంది, అదే దాని ముడి. మన గొలుసుకుట్టులా ఒకే దారం పొడుగునా పోదు, ఏ కుట్టుకు ఆ కుట్టే వేరు. అందుకే ఒకటి ఊడినా మిగతావి నిలుస్తాయి. అలా ఆకు దొన్నెగా మారాక లోపల దూది పరిచి మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. పన్నెండు రోజులు పొదగడం, ఇంకో రెండు వారాలు మేత మోయడం. ఆ గూడు మీ కుండీలో కనపడితే దయచేసి ఆకు పట్టుకుని తిప్పి చూడకండి, నీళ్ళు మొక్క మొదట్లో మాత్రమే పోయండి. పిట్టల్ని ఇలా దగ్గరగా చూసినవాళ్ళు ఇక్కడ ముందే ఉన్నారు. 1931లో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాష్ట్రంలో ఊరూరా తిరిగి పక్షుల లెక్క రాశారు. భార్య తెహ్మినా కూడా ఆయన వెంట తిరిగారు. దేశంలో ఆయన చేసిన ప్రాంతీయ సర్వేల్లో మొదటివాటిలో అదొకటి. మన నేల మీది పిట్టల్ని చూడటం ఇక్కడ కొత్త విద్యేమీ కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

మరి డిజైన్లు ఎందుకు మారవు? మగ్గం దగ్గర కూర్చుని చూస్తే కారణం తెలుస్తుంది. నాలుగు కర్రల చట్రానికి గుడ్డను బిగించి కడతారు. ట్రేసింగ్ కాగితం మీద బొమ్మ గీసి, గీత వెంట సూదితో బెజ్జాలు పొడిచి ఉంచుతారు. దాన్ని ఖాకా అంటారు. కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరసనాయిలులో కలిపిన తెల్లపొడిని గుడ్డపీలికతో రుద్దితే చుక్కలు చుక్కలుగా బొమ్మ దిగుతుంది. కిరసనాయిలు ఆరిపోతుంది, పొడి నిలుస్తుంది. ఆ తర్వాత కారీగరు కుడిచేత్తో కొక్కెం సూదిని పైనుంచి దించుతాడు, ఎడమచెయ్యి గుడ్డ కింద దారం అందిస్తుంది. చమ్కీలు, కట్‌దానా, జర్దోసీ తీగ, కుందనాలు ఒక్కొక్కటే ఎక్కుతాయి. పాతబస్తీ వాళ్ళూ, బెంగాల్ నుంచీ ఉత్తరప్రదేశ్ నుంచీ వచ్చిన కుర్రవాళ్ళూ వంచిన నడుము ఎత్తకుండా చేసే పని అది. ఒక ఖాకా పొడవడానికి పూటంతా పడుతుంది, ఒకసారి పొడిచింది ఎన్ని జాకెట్లకైనా పనికొస్తుంది. కొత్త పిట్టకు కొత్త ఖాకా కావాలి. దాని ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? "ఏం భాయ్, కోయిల కుట్టగలవా?" అని ఒకసారి అడిగాను. "మీరు బొమ్మ తెండి మేడమ్, గాడిదనైనా కుడతా" అన్నాడు. తప్పు సూదిది కాదని అప్పుడు తేలిపోయింది. ఫోనులో చూపించినదానికే తలూపే మనది.

కాగితం లేకుండా కుట్టే వాళ్ళు మన పొరుగునే ఉన్నారు. ధార్వాడ వైపు కసూతి కుట్టే ఆడవాళ్ళు గుడ్డ పోగులు లెక్కపెట్టుకుంటూ పోతారు, గీత గీయరు. వాళ్ళ చీరల మీద తులసికోట, గుడిగోపురం, రథం, ఉయ్యాల, నంది కనపడతాయి. వాకిట్లో, వీధిలో రోజూ చూసేవే. మన లంబాడీ తండాల ఆడవాళ్ళది ఇంకో దారి. వాళ్ళ పేట్యా మీదా కాంచళి మీదా జంతువుల బొమ్మలు వెతికితే అరుదు, అద్దాలూ గవ్వలూ గళ్ళూ ఎక్కువ. వాళ్ళు జంతువును బొమ్మ కట్టకుండా జంతువుకే కుట్టు తొడిగారు. ఉప్పూ ధాన్యమూ ఎద్దుల మీద దేశమంతా మోసిన రోజుల్లో బిడారు ముందు నడిచే ఎద్దు కొమ్ములకు, నుదుటికి, మూపుకు అద్దాలూ గవ్వలూ కుట్టిన అలంకారం ఉండేది. 1874లో సికింద్రాబాదుకు రైలొచ్చింది. ఆ రైళ్ళే ఎక్కడికక్కడ ఎద్దుల బిడారుల బతుకుతెరువు లాగేసుకున్నాయి. ఎద్దు పోయింది, కుట్టు మిగిలింది. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కుట్లలో ఒకదాని పేరు సూర్యకాంతి మాకి.

పుస్తకం చూసి కుట్టడమే తప్పని నేను అనను. మోండా పక్కన పాత జైలుఖానా ఉంది చూశారా, కంటోన్మెంటు కాలంలో తెల్లవాళ్ళు కట్టించిన జైలు, ఇప్పుడు దాని చుట్టూ దుకాణాలు. దాని ముందు నుంచి పోయినప్పుడల్లా నాకు ఒక బందీ గుర్తొస్తుంది, ఇక్కడి బందీ కాదు. స్కాట్లండ్ రాణి మేరీ. 1587లో తల నరికే దాకా పందొమ్మిదేళ్ళు ఇంగ్లండులో బందీగా ఉండి, సూదీ దారంతో పొద్దు గడిపింది. గెస్నర్ అనే స్విట్జర్లండు పండితుడి జంతువుల పుస్తకం చూసి చేపలూ పిట్టలూ మృగాలూ కుట్టింది. అందులో ఒక పిల్లి ఉంది. పుస్తకంలో పిల్లి ఒక్కటే. మేరీ దాని ఒంటికి ఎర్రటి రంగు వేసి, ముందు ఒక ఎలుకను చేర్చింది. ఆ పిల్లి తనను బంధించిన ఎర్రజుట్టు ఎలిజబెత్ అనీ, ఎలుక తానే అనీ చరిత్రకారులు చెబుతారు. ఖాకా ఎవరిదైనా కావచ్చు, ఆ ఎలుక మాత్రం ఆమెది.

మెరుపు కోసం పురుగునే కుట్టినవాళ్ళూ ఉన్నారు. బంగారు పురుగు మీకు తెలుసు కదా, వానలు పడ్డాక తుమ్మచెట్ల మీద పట్టి పిల్లలు అగ్గిపెట్టెలో దాచుకునేది. దాని పైరెక్కల డొప్పల్ని 19వ శతాబ్దంలో మద్రాసులో తెల్లటి మస్లిన్ మీద చమ్కీల్లా కుట్టి విలాయతీ దొరసానులకు పంపేవారు. 1903 ఢిల్లీ దర్బారులో వైస్రాయి భార్య లేడీ కర్జన్ తొడిగిన నెమలిపింఛాల గౌనులో ఒక్కో పింఛం కంటికీ ఈ డొప్పే. గౌను ఇంగ్లండులోని కెడ్ల్‌స్టన్ హాలులో ఉంది, జరీ మసకబారినా డొప్పల పచ్చదనం తగ్గలేదు. పని గొప్పదే, కానీ అంత మెరుపు కోసం ఎన్ని పురుగులు కావాలో తలుచుకుంటే నాకు మనసొప్పదు. మన ప్లాస్టిక్ చమ్కీలే నయం.

ఇక మీతో ఒక మాట. ఈ ఉగాదికి పెద్ద మగ్గం పనులు అక్కర్లేదు. ఒక తెల్లటి చేతిరుమాలు, చిన్న రింగు, నాలుగు రంగుల దారం చాలు. పొద్దున్నే, జనం పెరగకముందే మోండాకు వెళ్ళండి. పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. ధాన్యం కొట్ల ముందు పిచ్చుకలున్నాయేమో చూడండి, మార్చి 20 వాటి దినం కూడాను. వరికంకుల కుచ్చు దొరికితే ఒకటి కొని చూరుకు కట్టండి. కనపడినదాన్ని పెన్సిలుతో ఎలా వస్తే అలా గీసుకోండి, వంకరగా వచ్చినా ఫరవాలేదు. దాన్నే గుడ్డ మీదికి దించండి. మగ్గం దుకాణానికి వెళ్ళేవాళ్ళు ఆ కాగితాన్నే కారీగరు చేతిలో పెట్టండి, ఖాకా ఖర్చు విడిగా ఇస్తామని చెప్పండి. ఫోను జేబులోనే ఉండనివ్వండి. మీరు కుట్టిన పిట్ట పేరు, దాన్ని ఎక్కడ చూశారో, ఏ కుట్టు వేశారో ఒక కార్డు ముక్క మీద రాసి మా రేడియో కేంద్రానికి పంపండి. వచ్చిన ఉత్తరాలను వైశాఖంలో చదువుకుందాం. సెలవు.